ఎక్కడ ఆపాలో ఎవరు నిర్ణయించారు? కళా పోటీల న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

చిత్రకళ, ఫొటో, కథ, కవిత పోటీలు నడిపే నిర్వాహకులకు, వాటిలో తీర్పు చెప్పే పెద్దలకు,

నమస్కారం.

ఈమధ్య మీ ప్రకటనల చివర ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తోంది: ఏఐతో తయారుచేసినవి పరిశీలనకు తీసుకోరు. కొందరు ఇంకాస్త ఉదారంగా ఏఐకి వేరే విభాగం పెడుతున్నారు. ఏది చదివినా నాకొచ్చే సందేహం ఒక్కటే. ఏది ఏఐ చేసింది, ఏది మనిషి చేసింది అని తేల్చేది ఎవరు, ఎలా? ఆ ముక్క ప్రకటనలో ఎక్కడా ఉండదు. చూడగానే కనిపెట్టేస్తాం అన్న ధీమా మాత్రం అక్షరాల మధ్య కనిపిస్తూ ఉంటుంది.

నేను కథలకు బొమ్మలు వేస్తాను. కాగితం మీద ఇంకుతో వేస్తాను, ట్యాబ్లెట్ మీదా వేస్తాను. ఏఐ బొమ్మల సాఫ్ట్‌వేర్ వచ్చాక దాన్నీ వాడి చూశాను, ఇప్పటికీ అప్పుడప్పుడు దాని ముందు కూర్చుంటాను. దాని మీద నాకు పగ లేదు, భక్తీ లేదు.

ముందు ఆ ధీమా సంగతి చూద్దాం. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో బోరిస్ ఎల్డాగ్‌సెన్ అనే జర్మన్ కళాకారుడికి ఒక విభాగంలో బహుమతి వచ్చింది. పాతకాలపు నలుపు తెలుపు ఫొటోలా, ఇద్దరు ఆడవాళ్లున్న బొమ్మ అది. దానికి కెమెరాతో పనే పడలేదు, ఏఐతో చేయించాడు. బహుమతి ఇచ్చే చోటే ఆ సంగతి చెప్పి, నాకొద్దని వచ్చేశాడు. మాకు ముందే కొంత చెప్పాడని నిర్వాహకులు, మీరే పట్టించుకోలేదని అతను, కొన్నాళ్లు వాదులాడుకున్నారు. మరుసటి ఏడాది కథ తిరగబడింది. మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్ తాను కెమెరాతో తీసిన ఫ్లెమింగో ఫొటోను వేరొక పోటీలో ఏఐ విభాగానికి పంపాడు. ఆ పక్షి తల వంచి పొట్ట గోక్కుంటోంది. తల కనిపించదు కాబట్టి గులాబీ రంగు బంతికి కాళ్లు మొలిచినట్టు ఉంటుంది. న్యాయనిర్ణేతలు దానికి మూడో స్థానం ఇచ్చారు, ప్రజల ఓటులోనూ అదే గెలిచింది. అసలు సంగతి బయటపెట్టాక పోటీ నుంచి తీసేశారు. ఒక చోట యంత్రం ఫొటోగా చెల్లుబాటైంది, ఇంకో చోట ఫొటో యంత్రంగా చెల్లుబాటైంది.

మీ చూపు మందమని ఎత్తిపొడవడం లేదు. ఎవరి చూపైనా, ఎవరి చెవైనా అంతే. 1997లో అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో శ్రోతలకు మూడు పియానో రచనలు వినిపించారు. ఒకటి జర్మనీకి చెందిన పాతకాలపు మహా సంగీతకర్త బాఖ్ రాసింది. ఇంకోటి అదే శైలిలో స్టీవ్ లార్సన్ అనే సంగీతాచార్యుడు రాసింది. మూడోది డేవిడ్ కోప్ తయారుచేసిన ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసింది. ఏది ఎవరిదో చెప్పమంటే ప్రోగ్రామ్ రాసినదాన్ని బాఖ్‌దన్నారు, లార్సన్ రాసినదాన్ని కంప్యూటర్‌దన్నారు. ఆ మాట విన్నప్పుడు లార్సన్‌కు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. అప్పటికి ఇప్పుడున్న ఏఐ పుట్టనేలేదు.

ఇంకోటి చెబుతాను, ఇది కవితల పోటీలు నడిపేవాళ్లు ప్రత్యేకంగా వినాలి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం ఒకటి 2024లో వచ్చింది. పేరున్న ఆంగ్ల కవుల కవితల్నీ, అదే కవుల ధోరణిలో చాట్‌జీపీటీ రాసినవాటినీ కలిపి మామూలు పాఠకుల ముందు పెట్టారు. సరైన జవాబులు 46.6 శాతం. బొమ్మా బొరుసా వేసుకున్నా సగం సరిపోయేవి. పైగా చాలామందికి యంత్రం రాసినవే ఎక్కువ నచ్చాయి. ఎందుకంటే అవి వెంటనే అర్థమవుతాయి. మనిషి రాసిన కవితలో కొరుకుడుపడని చోటు వస్తే, ఇది యంత్రం చేసిన గందరగోళం అయ్యుంటుందిలే అనుకున్నారట. మీ పోటీల్లో మొదటి వడపోత ఎలా జరుగుతుందో నాకు తెలుసు. ఒక్కొక్కరి ముందు వందల కవితలు, టైమ్ తక్కువ. అలాంటప్పుడు తేలిగ్గా జారిపోయేది పైకొస్తుంది, అడ్డం పడేది కిందికి పోతుంది. ఏఐని ఆపాలని గేటు పెట్టి, దానికి నచ్చే ధోరణికే గేటు తెరిచినట్టవుతుంది.

సాఫ్ట్‌వేర్‌తో పట్టుకుంటాం అంటారా? చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే యంత్రం రాతను కనిపెట్టే పరికరం ఒకటి తెచ్చి, సరిగ్గా పనిచేయడం లేదని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి పరికరాలు కొన్నింటిని పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవని అవి తేల్చాయి. సాదాసీదా మాటలతో రాసుకునేవాడి మీద దొంగ ముద్ర వేసే పరికరాన్ని నమ్ముకుని తీర్పు చెప్పకండి. అలా ఒక కొత్త రచయితను అవమానిస్తే అతను మళ్లీ ఏ పోటీకీ పంపడు.

మరి చూపు చాలదు, సాఫ్ట్‌వేర్ చాలదు. అంటే తేడాయే లేదా? యంత్రం చేసిందీ కళేనా? తేడా ఉందనే నా వాదన. అయితే అది పూర్తయిన బొమ్మ మీద కనిపించాలన్న రూలేమీ లేదు.

ఏఐ బొమ్మ ఎలా తయారవుతుందో ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిలో యంత్రానికి నేర్పించేటప్పుడు కోట్ల బొమ్మల్ని తీసుకుని, ఒక్కోదాని మీద కొంచెం కొంచెంగా అర్థం లేని చుక్కలు చల్లుతూ పోతారు. ఏ చుక్కలు తీసేస్తే బొమ్మ మళ్లీ తేలుతుందో ఊహించడమే యంత్రం నేర్చుకునే పని. తర్వాత మనం ఏదైనా అడిగితే, వట్టి చుక్కలతో మొదలుపెట్టి, మన మాటలకు దగ్గరగా వచ్చేలా వాటిని విడతల వారీగా తుడుచుకుంటూ వస్తుంది. ఎన్ని విడతలన్నది ముందే పెట్టి ఉంచుతారు. ఇరవయ్యో, ముప్పయ్యో, యాభయ్యో. చివరి విడత అయిపోగానే ఆగుతుంది. చాలు అనిపించి ఆగదు. లెక్క పూర్తయింది కాబట్టి ఆగుతుంది.

నాకు అసలు తేడా కనిపించేది అక్కడే.

ఒక కథకు బొమ్మ వేయాల్సి వచ్చింది. భర్త పోయాక ఇల్లు అమ్ముదామా వద్దా అని తేల్చుకోలేక సతమతమయ్యే ఒక పెద్దావిడ కథ. మొదట ఆవిడను గీశాను, చేతిలో తాళంచెవి పెట్టాను. ఆ తాళంచెవి కథంతా ముందే చెప్పేస్తోంది, తీసేశాను. చేతులు ఖాళీ అయ్యేసరికి ఆవిడ ఫొటో దిగడానికి నిలబడినట్టుంది. ఆవిడ వెనక గోడ మీద, చాలా ఏళ్లు ఫొటో వేలాడిన చోట లేత రంగు మరక ఒకటి గీసి ఉంచాను. చూస్తే బొమ్మంతా ఆ మరకలోనే ఉంది. ఆవిడను చెరిపేశాను. మిగిలింది మరక, దానిపైన మేకు. ఆ మేకు దగ్గర ఆగిపోయాను. మేకు ఉంటే ఫొటో మళ్లీ తగిలించొచ్చు. మేకు లేకపోతే ఇక అయిపోయింది, ఇల్లు ఖాళీ చేసేసినట్టే. కథలో ఆవిడ ఇంకా ఏమీ తేల్చుకోలేదు. అందుకని మేకు ఉంచాను, కాస్త కిందికి వంగినట్టు వేశాను. పంపాక ఎడిటర్ గారు ఫోన్ చేసి "బాగుంది గానీ మనిషేదండీ?" అన్నారు. చాలాసేపు మాట్లాడుకున్నాక అలాగే అచ్చు వేశారు.

తర్వాత సరదాకి అదే బొమ్మను ఏఐని అడిగాను. గోడ ఇచ్చింది, మరక ఇచ్చింది. నేనడక్కుండానే కిటికీలోంచి బంగారు రంగు ఎండ కూడా పడేసింది. ఆ ఎండంటే దానికి భలే మోజు, ఏమడిగినా అది పడాల్సిందే. మేకు కావాలంటే గోడ మధ్యలో మెరిసే మేకు కొట్టింది. వద్దంటే తీసేసింది. అందంలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ మేకున్న బొమ్మకూ, లేని బొమ్మకూ దానికి తేడా లేదు. ఒకటి నిజమనీ, ఇంకోటి ఆ పెద్దావిడ పట్ల అబద్ధమనీ దానికి పట్టదు. వంద రకాలుగా ఇమ్మంటే వందా ఇస్తుంది, అన్నీ ఒకే ఉత్సాహంతో. ఇది కాదు అని తనంతట తాను పక్కన పడేసేది ఒక్కటీ ఉండదు.

ఆ పక్కన పడేయడాన్నే నేను కళ అంటున్నాను. ఎవరో ఒకరికి ఒక బొమ్మ మీద పట్టింపు ఉండాలి. ఇలా ఉంటేనే సరి, అలా ఉంటే తప్పు అని మొండికేసే మనిషి ఉండాలి, రేపెవరైనా నిలదీస్తే జవాబు చెప్పుకోవాలి. వట్టి యంత్రానికి ఇవేవీ లేవు కాబట్టి, తనంతట తానుగా అది చేసేదాన్ని నిజమైన కళ అనలేను. మీరు ముచ్చటపడి చూడొచ్చు, గోడకు పెట్టుకోవచ్చు, అది వేరే సంగతి.

ఇక్కడే మీలో కొందరు నాతో చేయి కలిపి, అందుకే పూర్తిగా నిషేధించాలంటాం అంటారు. ఆగండి. యంత్రం ఇచ్చిన వందలోంచి వంగిన మేకున్న బొమ్మనే నేను ఏరుకుని ఉంటే? కాదనీ అవుననీ అన్నది నేనే కదా. అప్పుడు అందులో కొంత కళ ఉంటుంది. అది నాది.

ఈ మాట కొత్తదేమీ కాదు. బ్రిటిష్ చిత్రకారుడు హెరాల్డ్ కోహెన్ 1966లోనే వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో తన దేశం తరఫున బొమ్మలు పెట్టినవాడు. 1970ల మొదట్లో ఆరన్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్ మొదలుపెట్టి, 2016లో చనిపోయేదాకా దానితోనే కాపురం చేశాడు. ఇప్పటి ఏఐలా దానికి ఇతరుల బొమ్మలు మేత వేయలేదు. గీత ఎక్కడ మూసుకోవాలి, ఏది దేని ముందుకు రావాలి అన్న నియమాలు తానే కూర్చుని రాశాడు. మొదట్లో ఆరన్ గీతలు గీసేది, రంగులు ఆయన వేసేవాడు. తర్వాత రంగులు వేయడం కూడా దానికి నేర్పాడు. చివరి రోజులకు వచ్చేసరికి రంగుల పని మళ్లీ తన చేతిలోకి తీసుకున్నాడు. యంత్రానికి ఎంత వదలాలి, ఎంత వదలకూడదు అని నలభై ఏళ్లకు పైగా తనతో తానే తగాదా పడ్డ మనిషి. ఆయన్ను ఏఐ విభాగంలో పడేస్తారా, చిత్రకళ విభాగంలోనా? మీ నిబంధనల్లో ఆయనకు చోటే లేదు.

కెమెరా వచ్చిన కొత్తలోనూ ఇలాంటి రగడే జరిగింది. మీట నొక్కితే వచ్చేదానిలో కళేముందన్నారు. రచయిత ఆస్కార్ వైల్డ్ ఫొటో ఒకదాని హక్కుల గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1884లో ఆ కోర్టు ఫొటో తీసిన నెపోలియన్ సరోనీ పక్షాన తీర్పు ఇచ్చింది. వైల్డ్‌ను ఎలా కూర్చోబెట్టాలి, ఏ బట్టలు, వెనక ఏ తెర, వెలుగు ఎటునుంచి రావాలి అన్నవి అతను తన ఆలోచనతో ఏర్పాటు చేశాడు కాబట్టి అతను కర్తేనంది. అంటే అప్పుడూ చూసింది మీటను కాదు, మీట నొక్కేలోపు జరిగిన నిర్ణయాల్ని.

ఆ కొలతనే ఇప్పుడు వాడి చూడండి. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో జేసన్ ఆలెన్ అనే ఆయన మిడ్‌జర్నీ అనే ఏఐ బొమ్మల సాఫ్ట్‌వేర్‌తో చేయించిన బొమ్మకు డిజిటల్ విభాగంలో మొదటి బహుమతి, 300 డాలర్లు వచ్చాయి. చిత్రకారులు మండిపడ్డారు. కనీసం 624 సార్లు మార్చి మార్చి అడిగితే గానీ అది రాలేదని ఆలెన్ అంటాడు. యంత్రం చేసిన భాగం తనది కాదని ఒప్పుకోనన్నందుకు అమెరికా కాపీరైట్ ఆఫీసు 2023లో ఆయన దరఖాస్తును తోసిపుచ్చింది. చట్టం ప్రకారం వాళ్ల లెక్క వాళ్లది. నా మట్టుకు, 624 సార్లు ఇది కాదు అన్న మనిషిలో కళాకారుడు బొత్తిగా లేడని అనలేను. అయితే అది ఏరుకునే కళ, ఎడిటర్ కళ. గీసేవాడి కళతో దాన్ని ఒకే తక్కెట్లో తూచడమే ఆ పోటీలో జరిగిన పొరపాటు. ఎన్నిసార్లు అడిగాడన్నది నాకు ముఖ్యం కాదు. 623వది ఎందుకు వద్దన్నాడో చెప్పగలిగితే చాలు.

శాతాల లెక్కలు కూడా వద్దు. ఏఐ సాయం పది శాతం మించరాదు అని పెట్టాలని కొందరు అనుకుంటున్నారు. 2024 జనవరిలో జపాన్‌లో పేరున్న సాహిత్య పురస్కారం అకుతగవా బహుమతి అందుకున్న రచయిత్రి రియె కుదాన్, తన నవలలో దాదాపు 5 శాతం ఏఐ మాటలు యథాతథంగా ఉన్నాయని చెప్పగానే ప్రపంచమంతా గగ్గోలు. ఆ మాటలు నవలలో ఏఐ జవాబులు చెప్పే చోట ఉన్నవని తర్వాత ఆమె వివరించారు. యంత్రం మాట్లాడే చోట యంత్రం మాటే పెట్టడం కన్నా తెలిసి చేసిన నిర్ణయం ఏముంటుంది? అదే 5 శాతం ఒక కవితలో ఆఖరి రెండు పాదాలైతే కవితంతా వాళ్లది కానట్టే. ఎంత అన్నదానికన్నా ఎక్కడ, ఎందుకు అన్నవే అసలు ప్రశ్నలు.

ధర చూసి మోసపోకండని కూడా ఒక ముక్క. 2018లో క్రిస్టీస్ వేలంలో ఏఐ చేసిన ఒక రూపచిత్రం 4,32,500 డాలర్లకు పోయింది. ఏడు నుంచి పది వేల దాకా పలుకుతుందని అనుకున్నారు. కింద సంతకం ఉండాల్సిన చోట గణిత సూత్రం అచ్చేశారు. ఆ సూత్రాన్ని పిలిచి ఎందుకిలా గీశావమ్మా అని అడగలేం.

యంత్రానికి నేర్పడానికి వాడిన బొమ్మల సంగతి వేరే పంచాయితీ. లయాన్ 5బి అనే ఒక్క సంకలనంలోనే ఇంటర్నెట్ నుంచి ఏరిన దాదాపు 585 కోట్ల బొమ్మల లింకులు, వాటి వివరణలు ఉన్నాయి. గీసినవాళ్లను ఎవరూ అడగలేదు. కోర్టుల్లో దావాలు నడుస్తున్నాయి. ఫలితం కళ అయినా కాకపోయినా ఆ బాకీ బాకీయే. అందుకని బతికున్న చిత్రకారుడి పేరు చెప్పి అతని శైలిలో చేయించిన ఏ బొమ్మనూ మీ పోటీల్లోకి రానివ్వకండి. ఈ ఒక్క విషయంలో నిషేధం పెట్టినా నేను మీ పక్షమే.

ఇక నేను అడిగేవి. ఏఐ వాడారా లేదా అన్న అవును కాదు గడిని తీసేసి, ఎక్కడ వాడారో, ఎందుకు వాడారో నాలుగు వాక్యాల్లో రాయమనండి. రాసినంత మాత్రాన మార్కులు తగ్గించబోమని ముందే చెప్పండి, లేకపోతే ఎవరూ నిజం రాయరు. తుది దశకు చేరినవాళ్ల దగ్గర రఫ్ స్కెచ్‌లు, కొట్టివేతలున్న కాగితాలు, తీసిన మిగతా ఫొటోలు చూపించమనండి. వచ్చిన అందరినీ అడగక్కర్లేదు, అది మీకూ భారమే. గీయడానికి బహుమతి ఇస్తున్నారా, ఏరుకోవడానికి ఇస్తున్నారా, రెంటినీ కలిపి చూస్తారా అన్నది ప్రకటనలోనే తేల్చండి. మీ మొదటి వడపోతలో మీరే ఏఐని వాడుతుంటే అదీ చెప్పండి. పోటీదారుడికి నిషేధించినదాన్ని మీరు గుట్టుగా వాడుకోవడం మర్యాద కాదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, బహుమతి ప్రకటించేముందు ఆ మనిషితో ఒక పావుగంట మాట్లాడండి. ఏది తీసేశారు, ఎందుకు తీసేశారు, ఎక్కడ ఆపారు అని అడగండి. దీనికి ఒక అభ్యంతరం ఉంది, నిజమైనదే. బాగా గీసేవాళ్లంతా బాగా మాట్లాడలేరు. నాకు తెలిసిన గొప్ప చిత్రకారుల్లో కొందరు తమ బొమ్మ గురించి అడిగితే నేల చూపులు చూస్తారు. మాటకారి అయినవాడు ఏఐ వాడి కూడా మిమ్మల్ని బుట్టలో వేసేయగలడు, రేపు ఆ జవాబుల్ని కూడా ఏఐతోనే రాయించుకుని వస్తాడు.

అలాంటప్పుడు ఏం చేయాలో 1945లో నెదర్లాండ్స్ అధికారులకు తోచింది. హాన్ వాన్ మీగరెన్ అనే చిత్రకారుడు పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వర్మీర్ పేరుతో నకిలీలు గీసి అమ్మేవాడు. 1937లో వాటిలో ఒకదాన్ని పేరుమోసిన పండితుడు ఆబ్రహాం బ్రెడియస్ వర్మీర్ కళాఖండమని ఆకాశానికెత్తాడు. యుద్ధమయ్యాక, నాజీ నాయకుడు గోరింగ్‌కు జాతి సంపద అమ్మేశావని మీగరెన్‌ను అరెస్టు చేశారు. అది వర్మీర్ గీసింది కాదు, నేనే గీశానని అతను మొత్తుకుంటే ఎవరూ నమ్మలేదు. బొమ్మను ఎంత సేపు చూసినా తేలదు. అప్పుడు అతని చేతికి కుంచె, రంగులు ఇచ్చి, సాక్షుల్ని కూర్చోబెట్టి, అలాంటిదే ఇంకోటి గీయమన్నారు. గీశాడు.

మాట్లాడలేనివాళ్లు వస్తే మీరూ ఒక కాగితం ఇవ్వండి. మొత్తం బొమ్మ అడగొద్దు, అందులో ఒక మూల చాలు. రచయితైతే ఒక పేరా, ఇంకోలా. యంత్రంతో పనిచేసేవాళ్లైతే దాన్నే ముందు పెట్టి, వచ్చినవాటిలోంచి ఏరమనండి. చేయి ఎక్కడ ఆగుతుందో, దేన్ని పక్కకు తోస్తుందో పక్కన కూర్చుని చూడండి. ఈ ఏడాది ప్రకటనలు వెలువడేలోపు వీటిలో ఏ ఒక్కటైనా మీ నిబంధనల్లో చేరుస్తారని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
కథలకు బొమ్మలు వేసుకునే ఒక చిత్రకారుడు